వాయిదా వేయదగిన భాగం ఏది? తొలి అసెంబుల్డ్ కంప్యూటర్‌పై ఒక సంవాదం

ఒక కంపెనీ బిగించి, మూత వేసి అమ్మే యంత్రానికి బదులు, వేర్వేరు తయారీదారుల భాగాలను కొనుగోలుదారు తానే ఎంచుకొని కూర్చుకొనే యంత్రాన్ని వాడుకలో అసెంబుల్డ్ కంప్యూటర్ అంటారు. ఈ పద్ధతికి మూలం 1981 ఆగస్టులో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో ఉంది. త్వరగా బజారులోకి రావాలన్న తొందరలో ఆ సంస్థ తన యంత్రాన్ని బయట దొరికే భాగాలతోనే నిర్మించి, దాని సాంకేతిక వివరాలను పుస్తకరూపంలో ప్రచురించడంతో, ఇతరులు మొదట దానికి సరిపడే కార్డులను, ఆ తరువాత దానిని పోలిన యంత్రాలనే తయారుచేయగలిగారు. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు కొలతలను, మరల రంధ్రాల చోటులను, విద్యుత్ కనెక్టర్ల ఆకారాన్ని స్థిరపరిచింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక దుకాణంలో కొన్న బోర్డు మరో అంతస్తులో కొన్న క్యాబినెట్‌లో ఇబ్బంది లేకుండా కూర్చుంటున్నదంటే అది ఆ ప్రమాణం చలవే.

అయితే ఏ ప్రమాణమూ కొనేవాని జేబు సంగతి చూడదు. పరిమితమైన సొమ్ములో ఏ భాగానికి ఎంత పెట్టాలన్న ప్రశ్నకు రెండు వాదాలు ఉన్నాయి. ఆ రెండింటినీ ఇక్కడ ఇద్దరు వినిపిస్తారు. రాఘవరావు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసినవారు. శ్రీకాంత్ ఆయన మేనల్లుడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థి. మానిటర్, కీబోర్డు, మౌస్ ఇంట్లోనే ఉన్నందున, 50 వేల రూపాయలలో మిగిలిన యంత్రం సిద్ధం కావాలన్నది షరతు; ప్రోగ్రామింగ్, కొంత వీడియో ఎడిటింగ్, సెలవుల్లో కొన్ని ఆటలు దానితో జరగవలసిన పనులు.

శ్రీకాంత్: లెక్కలు చేసేది ప్రాసెసర్, తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. మిగిలినవన్నీ ఈ రెండింటికీ చాకిరీ చేసేవే కాబట్టి, మామయ్యా, 30 వేలకు పైగా వీటికే కేటాయించి, మదర్‌బోర్డు, క్యాబినెట్, విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్ దొరికిన వాటిలో చవకైనవి తీసుకోవడమే న్యాయం. ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఆ ఖర్చు కూడా ఉండదు, క్యాబినెట్‌లోనే బిగించి ఇస్తారు, గేదెను కొంటే పలుపు వచ్చినట్లు.

రాఘవరావు: పలుపు తెగితే గేదె దొరక్కపోవచ్చు, నాయనా. వేగాన్ని మాత్రమే చూస్తే నీ లెక్కలో తప్పులేదు. కొనేటప్పుడు చూడవలసిన కొలత మరొకటి ఉంది. ఒక భాగాన్ని రేపు మార్చవలసి వస్తే అది ఒక్కటే మారుతుందా, లేక పక్కవాటిని కూడా లాక్కొని పోతుందా అన్నది ఆ కొలత. గ్రాఫిక్స్ కార్డు రెండు మరలు విప్పితే ఊడి వస్తుంది, కొత్తది అదే గాడిలో కూర్చుంటుంది. మదర్‌బోర్డు మారితే మాత్రం దాని సాకెట్‌కు తగిన ప్రాసెసర్, దాని గాడికి తగిన ర్యామ్ కూడా మారవలసి రావచ్చు. ఎస్‌ఎంపీఎస్ సంగతి ఇంకా వేరు, అది చెడిపోయేటప్పుడు తనతో పాటు బోర్డునూ డిస్కునూ తీసుకుపోగలదు. చవక చేయవలసింది ఒంటరిగా మారగల భాగాన్ని, తక్కినవాటిని కాదు.

శ్రీకాంత్: క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అనుకున్న యంత్రం 300 వాట్లు దాటదు. ఇంకా 150 వాట్లు మిగిలే ఉన్నాయి కదా.

రాఘవరావు: పెద్ద అక్షరాల కింద చిన్న పట్టిక ఒకటి ఉంటుంది, దానిని చదవాలి.

ఇక్కడ కొంత వివరణ అవసరం. ఎస్‌ఎంపీఎస్ గోడలోని 230 వోల్టుల ఏసీ విద్యుత్తును ముందు డీసీగా మార్చి, సెకనుకు వేల సార్లు తెంపి కలుపుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తుగా అందిస్తుంది. పాతకాలపు కంప్యూటర్లలో ప్రాసెసర్ తదితరాలు ప్రధానంగా 5, 3.3 వోల్టుల మీద నడిచేవి. నేడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ విద్యుత్తులో అత్యధిక భాగాన్ని 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. అందువల్ల పట్టికలో +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి, ఆ సంఖ్యను 12తో హెచ్చిస్తే వచ్చేదే యంత్రానికి నిజంగా పనికివచ్చే శక్తి. చవక యూనిట్ మీద ఆ గడిలో 16 ఆంపియర్లు ఉన్నాయనుకుంటే దాని అసలు బలం 192 వాట్లు మాత్రమే. 450 అన్న అంకె, నేడు పెద్దగా అక్కరలేని 5, 3.3 వోల్టుల మొత్తాలను కూడా కలిపి, కొన్నిసార్లు అంతకుమించి కూడా వేసుకొన్నది. అదే 450 వాట్లను నిజాయతీగా ప్రకటించే యూనిట్‌లో 12 వోల్టుల గడిలో 36 ఆంపియర్ల ప్రాంతంలో కనిపిస్తుంది, అంటే 432 వాట్లు. శ్రీకాంత్ మనసులో ఉన్న ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్‌కు సుమారు 75, బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు ఓ 50 కలిపితే 250 దాటుతుంది. పెద్ద అక్షరాలను నమ్మినవాని ఆట సరిగ్గా పతాక సన్నివేశంలో ఆగిపోయి యంత్రం మళ్లీ మొదలవడానికి కారణం ఈ గడిలోనే ఉంటుంది.

శ్రీకాంత్: అలాగైతే 80 ప్లస్ ముద్ర చూసి కొంటే సరిపోతుందా?

రాఘవరావు: ఆ ముద్ర చెప్పేది సామర్థ్యాన్ని. గోడ నుంచి తీసుకొన్న విద్యుత్తులో కనీసం 80 శాతం లోపలి భాగాలకు అందుతుంది, మిగిలింది వేడిగా పోతుంది అని దాని అర్థం. లోపలి కెపాసిటర్ల నాణ్యతను గాని, వోల్టేజీ హద్దు మీరినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ వలయాలు ఉన్నాయా లేదా అన్నది గాని అది చెప్పదు. అయినా ఒక పరీక్షకు నిలిచిన యూనిట్ అన్న భరోసా ఉంటుంది కనుక, ముద్ర లేనిదాని కంటే ఉన్నది మేలు. దానితో పాటు అయిదేళ్ల వారంటీ ఉంటే తయారీదారు తన వస్తువును తాను నమ్ముతున్నాడని అనుకోవచ్చు. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ ఒప్పుకొనే స్థూల సూత్రం. బయట 42 డిగ్రీలు ఉన్న రోజున పెట్టె లోపల ఎంత ఉంటుందో ఊహించుకో.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో మేనల్లుడు ఇక వాదించలేదు. వాదించడానికి ఏమీ మిగలలేదు కూడా. తొలిసారి కూర్చేవారిలో ఎక్కువమంది పొరబడే చోటు ఇదే. అయితే మామయ్య మూలసూత్రాన్ని అతడు మరో వైపు నుంచి పట్టుకొన్నాడు.

శ్రీకాంత్: రేపు మార్చుకోవచ్చు అన్న మాట మీదనే మీ సూత్రమంతా నిలబడింది. రేపు నిజంగా మార్చేవారు ఎందరు? ఇంటెల్ ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1151 అనే సాకెట్ ఇచ్చింది. ఎనిమిదో తరం కూడా అదే పేరున్న, అదే కొలతలున్న సాకెట్‌తో వచ్చింది గాని పాత బోర్డుల్లో పనిచేయలేదు, కొత్త బోర్డు కొనవలసిందే. భవిష్యత్తు కోసమని ఎక్కువ ధర పెట్టి మంచి బోర్డు కొన్నవారికి ఆ భవిష్యత్తు రాలేదు. భాగాలను వాయిదా వేయడం కూడా అంతే. అది ధర మీద కాసే పందెం. 2021లో క్రిప్టో కరెన్సీ గిరాకీ వల్ల గ్రాఫిక్స్ కార్డులు ప్రకటించిన ధరకు దొరకలేదు. 2025 మధ్యలో రెండో ర్యామ్ పుల్ల తరువాత కొందామని ఊరుకొన్నవారు, కృత్రిమ మేధ డేటా కేంద్రాలకు మెమరీ తయారీ మళ్లడంతో, ఏడాది చివరికి రెట్టింపుకు పైగా చెల్లించవలసి వచ్చింది. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో సాధారణ కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. ఇవాళ దొరికేదాన్ని ఇవాళే కొనడం తెలివి.

రాఘవరావు: ఇంటెల్ సంగతి నిజమే. కాని ఏఎండీ ఏఎం4 సాకెట్‌ను చూడు. 2017లో తొలి రైజెన్ ప్రాసెసర్‌తో కొన్న బోర్డులు చాలా వాటిలో, బయాస్ అప్‌డేట్ చేస్తే, 2022లో వచ్చిన ప్రాసెసర్ కూడా పనిచేసింది. బయాస్ అంటే యంత్రం మొదలైనప్పుడు భాగాలను గుర్తించి నిద్రలేపే చిన్న ప్రోగ్రాము. కొత్త ప్రాసెసర్ పేరు దానికి తెలియకపోతే ఆ ప్రాసెసర్ ఉన్నా లేనట్లే.

శ్రీకాంత్: ఏఎం4కు ఇకమీదట రాబోయేది ఏముంది? కొత్తదైన ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆ తరువాత కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ చెప్పింది. మీ సూత్రం ప్రకారమే ఏఎం5 కొనాలి.

రాఘవరావు: కొనాలి, దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి కాకపోతే. ధర మండుతున్న వేళ ర్యామ్‌కే బడ్జెట్‌లో పెద్ద వాటా పోతే మిగిలిన భాగాల మాటేమిటి? ఏఎం4కు సరిపోయే డీడీఆర్4 ర్యామ్ ధర కూడా పెరిగింది గాని, దానిలో పాత సరుకు, చేతులు మారే సరుకు దొరుకుతాయి. ర్యామ్ ఏళ్ల తరబడి వాడినా సాధారణంగా చెడదు. దాని వరకు వాడినది కొనడానికి సంకోచం అక్కరలేదు.

వాయిదా పందెమన్న మేనల్లుడి మాటకు రాఘవరావు నేరుగా జవాబు ఇవ్వలేదన్నది గమనించదగ్గది. నిజానికి దానికి పూర్తి జవాబు లేదు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్ డిస్కుల కర్మాగారాలు మునిగినప్పుడు కూడా ఆ భాగాన్ని ఆఖరున కొందామనుకొన్నవారే నష్టపోయారు. ఒంటరిగా మారే భాగాన్ని వాయిదా వేయమన్న సూత్రం యంత్రం నిర్మాణం గురించి నిజం చెబుతుంది, బజారు గురించి ఏమీ చెప్పదు.

ఏఎం4 అని తేలిన తరువాత ప్రాసెసర్ ఎంపిక రెండు పేర్ల మధ్యకు వచ్చింది: రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జి. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. అంటే విడివిడిగా పనిచేసే ఆరు లెక్కింపు కేంద్రాలు, ఒక్కొక్కటి ఒకేసారి రెండు పనుల వరుసలను నడపగలవి. పేరు చివరి ఒక్క అక్షరంలో పెద్ద తేడా దాగి ఉంది. జి ఉన్నదానిలో గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్‌లోనే ఉంటుంది; లేనిదానిలో ఉండదు, కనుక విడి గ్రాఫిక్స్ కార్డు లేకుంటే మదర్‌బోర్డు వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా తెర నల్లగానే ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ఎఫ్ ఉంటే కూడా లోపల గ్రాఫిక్స్ లేదనే అర్థం. కొత్తవారు బోర్డు పాడైందని దుకాణానికి తిరిగి పరుగెత్తే సందర్భాల్లో కొన్నింటికి మూలం ఈ అక్షరమే.

రాఘవరావు: 5600జి తీసుకొని, గ్రాఫిక్స్ కార్డును ఏడాది ఆపు. చదువుకు, ప్రోగ్రామింగ్‌కు అది చాలు, తేలికైన ఆటలూ నడుస్తాయి.

శ్రీకాంత్: ఆ ఏడాదికి కట్టే మూల్యం తక్కువేమీ కాదు, మామయ్యా. 5600లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ తన పక్కనే ఉంచుకొనే వేగవంతమైన చిన్న మెమరీ, 32 మెగాబైట్లు ఉంటే జి రకంలో అది 16 మాత్రమే. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి, పీసీఐ ఎక్స్‌ప్రెస్, 5600లో నాలుగో తరానిది, జిలో మూడో తరానిది. ఆర్‌ఎక్స్ 6600 ఆ దారిలో ఎనిమిది వరుసలనే వాడుకుంటుంది కనుక మూడో తరంలో దాని రాకపోకలు సగానికి పడిపోతాయి. మీరు అడుగుతున్నది ఇవాళ తక్కువది కొని, రేపు కార్డు కొన్నప్పుడు దాని కాళ్లు కట్టేయమని.

రాఘవరావు: సగమయ్యేది దారి వెడల్పు, ఆట వేగం కాదు. కార్డులోని 8 గిగాబైట్ల మెమరీ నిండనంత వరకు ఆ దారిలో రద్దీ ఉండదు, తేడా స్వల్పమే. అయితే 5600జి తీసుకొంటే ఒక్కటి మాత్రం మరువరాదు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది కంప్యూటర్ ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుచేత ఒకే 16 గిగాబైట్ల పుల్ల కాక రెండు 8 గిగాబైట్ల పుల్లలు పెట్టాలి. రెండు పుల్లలు రెండు సమాంతర మార్గాలుగా పనిచేస్తాయి, దానినే డ్యూయల్ చానల్ అంటారు. ఒక్క పుల్లతో నడిపితే ఆటల్లో ఆ గ్రాఫిక్స్ బాగా చతికిలబడుతుంది.

శ్రీకాంత్: చవక బోర్డులో రెండు గాడులే ఉంటాయి. రెండూ నిండితే రేపు 32 చేసుకోవాలంటే రెండు పుల్లలూ తీసి పారేయాలి. ఒంటరిగా మారగల భాగమన్న మీ సూత్రం ఇక్కడ ఏమైంది?

రాఘవరావు: అందుకే నాలుగు గాడులున్న బీ550 బోర్డు.

శ్రీకాంత్: చవక రకమైన ఏ520 బోర్డు కంటే అది ఖరీదెక్కువ. అలా ఒక్కో భాగానికీ రెండేసి వేలు పెరిగితే 50 వేలు 60 అవుతాయి, చివరకు వాయిదా పడేది కంప్యూటరే.

ఈ చివరి మాట బడ్జెట్ కొనుగోలుకు సంబంధించి మొత్తం సంవాదంలోకెల్లా పదునైనది. ప్రతి భాగం విషయంలోనూ ఇంకొంచెం పెడితే ఇంకొంచెం మంచిది దొరుకుతుంది, ప్రతి అడుగూ విడిగా చూస్తే సమంజసంగానే ఉంటుంది. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, ఆ గీతను ఏ సూత్రమూ తనంతట తాను గీయదు. రాఘవరావు బీ550ని సమర్థించడానికి మరొక కారణం చూపారు. ప్రాసెసర్‌కు కావలసింది సుమారు ఒక వోల్టు. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను బోర్డు మీది వీఆర్‌ఎం అనే విద్యుత్ నియంత్రణ వలయం అంతకు దించుతుంది. దిగువ రకం బోర్డుల్లో దానిపై వేడిని తీసే అల్యూమినియం దిమ్మ ఉండదు, గంటల తరబడి వీడియో రెండరింగ్ చేస్తే అది వేడెక్కి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించవచ్చు. 65 వాట్ల ప్రాసెసర్‌కు ఆ భయం పెద్దగా ఉండదని శ్రీకాంత్ అన్నది కూడా సరైనదే.

డిస్కు దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు. తిరిగే పళ్లేలున్న హార్డ్ డిస్కు సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్లు చదివితే, చిప్పుల్లో దాచుకొనే ఎస్‌ఎస్‌డీలలో సాటా రకం 550 వరకు, మూడో తరం ఎన్‌వీఎంఈ రకం 3,500 వరకు చదువుతాయి. ఎం.2 అనేది గాడి ఆకారం పేరే గాని వేగం పేరు కాదని, ఆ ఆకారంలో సాటా రకం కూడా వస్తుందని, అందుచేత డబ్బా మీద ఎన్‌వీఎంఈ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలని మాత్రం గుర్తుంచుకొంటే చాలు.

ఆఫీసుల నుంచి వచ్చే వాడిన బ్రాండెడ్ కంప్యూటరు కొని, దానిలో గ్రాఫిక్స్ కార్డు పెడితే సగం ఖర్చుతో పోతుందన్న మూడో మార్గం కూడా చర్చకు వచ్చింది. దానిని తోసిపుచ్చింది, విచిత్రంగా, పాత వస్తువులంటే మక్కువ ఉన్న రాఘవరావే. అటువంటి వాటిలో చాలావరకు బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఏటీఎక్స్ ప్రమాణానికి భిన్నమైన సొంత కనెక్టర్లతో ఉంటాయి, ఒకటి చెడితే బజారులోని మామూలు భాగం సరిపోదు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది. చవకగా దొరికే ఆరో తరం యంత్రాలు ఈ గీతకు అవతలే ఉండిపోతాయి. లైనక్స్ వేసుకొనేవారికి ఈ అడ్డంకి లేదు, కాని శ్రీకాంత్ ఆడదలచిన ఆటల్లో కొన్ని దాని మీద నడవవు.

శ్రీకాంత్: సరే, ఎస్‌ఎంపీఎస్ విడిగా 550 వాట్లది, అయిదేళ్ల వారంటీతో. ర్యామ్ రెండు 8లు, వాడినవి. ఎస్‌ఎస్‌డీ 500 గిగాబైట్లు. కాని ప్రాసెసర్ 5600, బోర్డు ఏ520, మిగిలిన డబ్బుతో వాడిన ఆర్‌ఎక్స్ 6600 ఇప్పుడే.

రాఘవరావు: మళ్లీ అదే మాట. వాడిన కార్డు ఎక్కడ తిరిగి వచ్చిందో ఎలా తెలుస్తుంది? 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చి గ్రాఫిక్స్ కార్డులతో తవ్వకాన్ని, అంటే లెక్కలు చేయించి కొత్త నాణేలు సంపాదించడాన్ని, నిలిపివేసిన తరువాత, పగలూ రాత్రీ నడిచిన కార్డులు గుట్టలుగా బజారులోకి వచ్చాయి. అందులోనూ నీవు తీసుకొనే ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ లేదు. ఆ కార్డు మరమ్మతుకు పోయిన రోజున కంప్యూటర్ మొత్తం మూలనపడుతుంది. 5600జి అయితే కనీసం పని సాగుతుంది.

శ్రీకాంత్: తవ్వకాల్లో నడిచినవన్నీ చెడ్డవి కావు. స్థిరమైన వేడిలో నిదానంగా నడిచిన కార్డు, రోజూ వేడెక్కి చల్లారిన ఆటల కార్డు కంటే మెరుగ్గా ఉండవచ్చు. ఫ్యాన్లు అరిగి ఉంటాయి, థర్మల్ పేస్టు ఎండి ఉంటుంది, రెండూ మార్చుకోగలిగినవే. అమ్మేవారి ఎదుటే అరగంట పూర్తి భారం మీద నడిపి, ఉష్ణోగ్రత చూసి, తెర మీద గీతలు పడకపోతేనే డబ్బు ఇస్తే సరిపోతుంది.

రాఘవరావు: అరగంట పరీక్ష ఆ రోజు సంగతి చెబుతుంది. వారంటీ మిగిలి ఉందా?

శ్రీకాంత్ దగ్గర దీనికి వెంటనే జవాబు లేదు. కొందరు తయారీదారులు కార్డు మీది సీరియల్ నంబరును బట్టే వారంటీ లెక్కిస్తారు. మరికొందరు మొదటి కొనుగోలుదారు పేరున జీఎస్టీ బిల్లు అడుగుతారు. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామనే బేరం వినిపించే చోట కొన్న కార్డు చేతులు మారేటప్పుడు ఆ కాగితం దొరకదు. అందుచేత ఇద్దరి మధ్య ఒప్పందం ఇంతవరకు కుదిరింది: అమ్మేవారు పంపే ఫోటోలో సీరియల్ నంబరు స్పష్టంగా కనిపించి, తయారీదారు లెక్కలో కనీసం ఏడాది వారంటీ మిగిలి ఉండి, బిల్లు చేతికి వస్తే 5600, ఏ520, ఆర్‌ఎక్స్ 6600; ఆ మూడు షరతులలో ఏది తప్పినా 5600జి, నాలుగు గాడుల బీ550. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ రెండు పక్షాలకూ ఒకటే కాబట్టి వాటిని ముందే కొనవచ్చు. క్యాబినెట్ ముందు వైపు గాజు పలక వద్దని, గాలి పీల్చే జాలీ ఉండాలని రాఘవరావు అన్నారు. రంగు దీపాలు రెండైనా ఉండాలన్న మేనల్లుడి కోరికకు ఆయన సమాధానం చెప్పలేదు.